రష్యా సోయుజ్ రాకెట్‌లో ఏయే ఉపగ్రహాలు వెళ్తున్నాయో ముందే తెలుసుకోవడం ఎలా?

నమస్కారం అండీ. మా డాబా మీద చిన్న యాంటెనా పెట్టి, రష్యా వాతావరణ ఉపగ్రహాలు మీటియర్-ఎం 2-3, 2-4 పంపే ఫొటోలు పట్టుకుంటుంటాను. 137 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చే ఆ సిగ్నల్‌లోంచి బంగాళాఖాతం మీది మేఘాలు ఒక్కో గీతగా తెరమీదకు వస్తుంటే ఆ ఆనందమే వేరు. 2025లో అమెరికా వాళ్లు నోవా 15, 18, 19 వాతావరణ ఉపగ్రహాలను ఆపేశాక మాలాంటివాళ్లకు ఇవే దిక్కు. అందుకే తర్వాతి మీటియర్ ఎప్పుడు ఎగురుతుందా అని ఎదురుచూస్తున్నాను. కానీ ఒక్కోచోట ఒక్కో తేదీ కనిపిస్తోంది. దేన్ని నమ్మాలి?

ఇంకో సమస్య, అసలైన టెన్షన్ ఇదే. పెద్ద ఉపగ్రహంతో పాటు చిన్నవి గుంపుగా వెళ్తాయి కదా. 2023 జూన్ 27న రష్యాలోని వోస్తోచ్నీ ప్రయోగ కేంద్రం నుంచి సోయుజ్-2.1బి మీటియర్‌తో పాటు 42 చిన్నవాటిని తీసుకెళ్లింది. 2024 నవంబరు 5న అయనోస్ఫియర్‌ను (పై వాతావరణ పొరను) పరిశీలించే రెండు అయనోస్ఫెరా-ఎం ఉపగ్రహాలతో పాటు 53 చిన్నవి వెళ్లాయి, వాటిలో ఇరాన్‌వి రెండు. విద్యార్థులు చేసినవాటి సిగ్నల్ మొదటి రోజే వినాలని నా ఆశ. పోయినసారి కక్ష్య వివరాలు వచ్చినా, వాటిలోని ఏ నంబరు ఏ ఉపగ్రహానిదో తేల్చుకోలేక వారం పోయింది.

రష్యాలోని ప్లెసెత్స్క్ కేంద్రం నుంచి జరిగే సైనిక ప్రయోగాల సంగతి వదిలేయండి, వాటికి కాస్మోస్ అని పేరు, నంబరు పైకి వెళ్లాకే ఇస్తారు. మిగతావాటి జాబితా, ఫ్రీక్వెన్సీలు ముందే ఎక్కడ దొరుకుతాయి? నాకు రష్యన్ రాదు. చదవగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే, రష్యా అంతరిక్ష సంస్థ రాస్‌కాస్మోస్ ప్రకటనల్లో ఏ మాటలు వెతకాలో చెప్పగలరా?