ఏడో తరగతి బాబు, రాత్రి పదైనా తెమలని హోంవర్కు

ప్రశ్న (కావలి నుంచి):
మా బాబు నాలుగున్నరకే ఇంటికి వస్తాడు. రాత్రి పదైనా హోంవర్కు తెమలదు. పుస్తకం తెరిస్తే చకచకా రాసేస్తాడు, ఆ తెరవడమే గగనం. మొన్న రాత్రి తొమ్మిదింటికి ‘అమ్మా, రేపటికి సోషల్ చార్టు కావాలి’ అన్నాడు. వారం కిందటే చెప్పారట! మా వారు రొయ్యల గుంటల దగ్గర నుంచి వచ్చేసరికి అర్ధరాత్రి. ఆ వేళ చార్టు కోసం ట్రంకు రోడ్డంతా నేనే తిరిగాను. గోడకు టైంటేబుల్ అంటించాను గానీ దాని వంక చూసే నాథుడు లేడు.

జవాబు (కందుకూరు, లెక్కల టీచరు):
ఆ టైంటేబుల్ రాసింది మీరే కదమ్మా! తీసేయండి. ఏ పనికి ఎంతసేపు పడుతుందో పిల్లలకు తెలియదు, అసలు చిక్కు అది. పది లెక్కలు ఐదు నిమిషాల పని అంటారు, ఒక్క హిందీ పేజీకి జడుస్తారు. మార్కాపురం పలక ఒకటి కొనివ్వండి. ఆ రోజు పనులన్నీ వాడే రాయాలి, పక్కన తన అంచనా, పని ముగిశాక గడియారం చూసి అసలు పట్టిన సమయం. ‘లెక్కలు: 10, 35’ అని తన చేతిరాతే కనబడితే మీరు నోరు మెదపనక్కర్లేదు. అంచనా తప్పిందని మాత్రం తిట్టకండి, మర్నాటి నుంచి దొంగ లెక్కలు రాస్తాడు.

చార్టుల్లాంటివి ఇచ్చిన రోజే ముక్కలు చేయించండి. ఒక రోజు కొనడం, ఒక రోజు పెన్సిలుతో పటం గీయడం, మరో రోజు రంగులు. పదో తరగతి లెక్కల పరీక్షకు 3 గంటల 15 నిమిషాలు ఇస్తారు, అందులో 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికే. అయినా ఒక్క లెక్క దగ్గరే కూర్చుండిపోయి, వచ్చిన ఒక మార్కు ప్రశ్నలు వదిలేసే పిల్లలను ఏటా చూస్తున్నాను.

జవాబు (చీమకుర్తి):
ట్యూషను సంగతి ఎవరూ అడగరేం? మా పాప రోజూ ఏడున్నర దాకా అక్కడే ఉండేది. అలాంటి పిల్లను సమయం సర్దుకోమనడం, ఖాళీ జేబులో డబ్బు పొదుపు చేయమన్నట్టే. మాన్పించేశాం.

ప్రశ్న అడిగినవారు:
మా వాడికీ ఉంది, ఆరు నుంచి ఎనిమిది. మాన్పిస్తే మా అత్తగారు ఊరుకోరు, ఫీజు కట్టేది ఆవిడే. పలక తెచ్చాను. నిన్న ‘హిందీ: 40’ అని రాశాడు, పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. నమ్మకం కుదరక గడియారం దగ్గరకు వెళ్లి మరీ చూశాడు. ఆటల సమయం కూడా రాయించాలా?

లెక్కల టీచరు:
వద్దు. రాగానే ఆడుకోనివ్వండి, పలక ఆ తర్వాతే. అత్తగారికి నచ్చజెప్పడం మాత్రం నా వల్ల కాదు!