పక్షవాతం ఎప్పుడు మొదలైందో ఫారంలో ఎట్ల రాయాలె?

నల్లగొండ జిల్లా పక్షవాతం కేసులను పరిశోధన కోసం నమోదు చేస్తున్నం. చిక్కంతా ఒక్క గడి దగ్గర్నే: రోగి చివరిసారి బాగున్నట్టు చూసిన సమయం. మెదడుల రక్తపు గడ్డ కరిగించే ఇంజక్షన్‌కు మామూలుగ 4.5 గంటల గడువు లెక్కపెట్టేది అక్కడి నుంచే, అరగంట తప్పినా కేసు అటుఇటు అయితది.

దేవరకొండ, మునుగోడు దిక్కు నుంచి వచ్చినోళ్లు 'కోడి కూసే యాళ్లకు', 'పొద్దుగూకినంక' అంటరు. నిద్రలేచేసరికి చెయ్యి పడిపోయిన కేసుల్లోనైతే సిబ్బంది లేచిన టైమే రాస్తున్నరు. రాయాల్సింది పండుకునే ముందటిది, లేకుంటే నడిరాత్రి మూత్రానికి లేచి మంచిగ నడిచినప్పటిది.

గంట, నిమిషం గడులు పెడితే 6:00, 7:00 అని గుండుగుత్తగ నింపిండ్రు. టైము పట్టనీకి ఫోన్ కాల్ లిస్టు చూస్తే కొందరికే పనికొచ్చింది, ముసలోళ్ల దగ్గర ఫోనే ఉండదు. రాత్రిపూట సీటీ తప్ప ఎంఆర్ఐ లేదు, స్కాన్ తోటి సమయం అంచనా కట్టే దారి కూడ లేదు. ఒకే రోగి ఇంటోళ్లను ఇద్దరు నర్సులు విడివిడిగ అడిగితే గంటకు పైన తేడా వస్తున్నది.

ఇటువంటి నమోదు చేసినోళ్లు చెప్పుండ్రి: ఏ ప్రశ్నలు, ఏ వరుసల అడిగితే ఇద్దరి జవాబులు అరగంట లోపల కలుస్తయి?