కౌన్సిల్ తీర్మానం కాపీ ఎక్కడ దొరుకుతుంది? మూడు రోజులుగా తిరుగుతున్నా

కాలవగట్టు (సాయంత్రం 6:34)
ఎవరైనా చెప్పండి బాబూ, బుర్ర వేడెక్కిపోయింది. మా కౌన్సిల్ వాళ్లు చేసిన తీర్మానం కాపీ కావాలి. అంతకుమించి ఏమీ వద్దు. మధ్యాహ్నం రెండింటికి కంప్యూటర్ ముందు కూర్చున్నా, ఇప్పుడు ఆరున్నర. మున్సిపల్ వెబ్‌సైట్‌లో ఇంటి పన్ను నంబరు కొడితే ‘వివరాలు లేవు’ అని వస్తుంది. నిన్న వార్డు సచివాలయానికి వెళ్తే ఆఫీసుకు వెళ్లమన్నారు. ఆఫీసుకు వెళ్తే మేనేజర్ గారు మీటింగ్‌లో ఉన్నారన్నారు. మొన్నా అదే మీటింగు. మా హాలు కొట్టేసి షాపులు కడతారంట. ఊళ్లో ఎవరితో మాట్లాడినా ‘కాగితం ఏదీ?’ అంటున్నారు. లింకు ఉంటే పెట్టండి. సోమవారం లోపు కావాలి.

సూటిగా (6:41)
ఆర్టీఐ వేయండి, అదే సమాచార హక్కు దరఖాస్తు.

కాలవగట్టు (6:43)
దానికి నెల పడుతుంది కదండీ. సోమవారం అన్నాను.

సూటిగా (6:44)
అయితే దొరకదు.

పాత టైపిస్టు (7:02)
కాలవగట్టు గారూ, కొంచెం నెమ్మదించండి. నేను ఇరవై ఏళ్ల పైచిలుకు మున్సిపల్ ఆఫీసులో ఎజెండాలు కొట్టినవాణ్ణి. ముందు ఇవి చెప్పండి. మీది మున్సిపాలిటీయా, నగర పంచాయతీయా? ఏ హాలు? స్థలం ఎవరిది? సోమవారం ఏముంది? తీర్మానం అయిందని మీకెలా తెలుసు? ఇంకోటి, ఇంటి పన్ను నంబరు కొడితే పన్ను వివరాలు వస్తాయి గాని తీర్మానాలు రావండి. ఆ రెంటికీ సంబంధం లేదు.

పన్నుపోటు (7:10)
ఇంటి పన్ను అనకండి, ఇప్పుడది ఆస్తి పన్ను. అసలు గొడవంతా అక్కడే ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరులో చట్టం సవరించి, అద్దె విలువ లెక్క తీసేసి ఆస్తి మూలధన విలువ మీద వేయడం మొదలెట్టారు. 2021-22 నుంచి అమలు. ఏడాదికి 15 శాతం మించి పెరగదని అన్నారు గాని, ఆ 15 ఏటా పడుతూ పోతే ఎంతవుతుందో ఎవరైనా లెక్కేశారా? కట్టడం ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ. ఏప్రిల్ 30 లోపు ఏడాది మొత్తం కడితే 5 శాతం తగ్గిస్తారు, అది మాత్రం ఎవరూ చెప్పరు. ఇంత వసూలు చేస్తూ మళ్లీ ‘ఆదాయం లేదు, షాపులు కడతాం’ అనడం ఏమిటి?

కాలవగట్టు (7:15)
మున్సిపాలిటీయే. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది కదా, అక్కడ అర్జీ ఇద్దామని. హాలంటే మా పాత పంచాయతీ ఆఫీసు. అందరికీ తెలిసిందే.

పాత టైపిస్టు (7:19)
అందరికీ అంటే మీ ఊరివాళ్లకండీ. మాకు ఎలా తెలుస్తుంది? ‘పాత పంచాయతీ’ అన్నారు. మీ ఊరు మున్సిపాలిటీలో విలీనమైందా?

కాలవగట్టు (7:21)
అవునండి. విలీనమయ్యాకే ఈ తిప్పలన్నీ.

పాత టైపిస్టు (7:30)
ఈ మాట ముందే చెప్పాల్సింది. మీ దగ్గర ఉన్నది పంచాయతీ రసీదు. ఆ నంబరు మున్సిపల్ వెబ్‌సైట్‌కు తెలియదు. విలీనం తర్వాత కొత్త అసెస్‌మెంట్ నంబరు, అంటే మున్సిపల్ పన్ను నంబరు పడుతుంది, సచివాలయంలో పాత రసీదు చూపించి అడగండి, అది వేరే పని. ఇక భవనం సంగతి. విలీనమైతే పంచాయతీ ఆస్తులు మున్సిపాలిటీకి వస్తాయి. కాబట్టి వాళ్ల భవనమని వాళ్లు అనొచ్చు. తీర్మానం అయిందని ఎవరు చెప్పారు?

కాలవగట్టు (7:38)
ఎవరో చెప్పడం కాదు, నా దగ్గర కాగితం ఉంది. మా కౌన్సిలర్ ఇంట్లో బల్ల మీద ఉంటే ఫోన్‌లో ఫోటో తీసుకున్నా. మసకగా వచ్చింది, అందుకే అసలు కాపీ అడుగుతున్నా. కనిపించినంత వరకు టైప్ చేస్తున్నా:

‘అంశము నం. 17. విషయము: రెవెన్యూ విభాగము. విలీన గ్రామమునందలి పాత పంచాయతీ భవనమును తొలగించి సదరు స్థలములో షాపు గదులు నిర్మించుట గురించి. ఆఫీసు నోటు: సదరు భవనము శిథిలావస్థలో ఉన్నందునను, పురపాలక సంఘమునకు ఆదాయము సమకూర్చవలసి ఉన్నందునను, షాపు గదులు నిర్మించుటకు కౌన్సిలు వారి ఆమోదము నిమిత్తము ఉంచడమైనది. తీర్మానము:’

ఇదిగో, తీర్మానం అని రాసే ఉంది.

పాత టైపిస్టు (7:40)
‘తీర్మానము’ పక్కన ఏముంది?

కాలవగట్టు (7:41)
ఏం లేదు. నాలుగు వేళ్లంత ఖాళీ. కింద అంశం 18 మొదలైంది.

పాత టైపిస్టు (7:52)
ఆ ఖాళీయే మీకు కావలసిన జవాబు. మీ దగ్గరున్నది ఎజెండా, తీర్మానం కాదు. మేం ఎజెండా కొట్టేటప్పుడు ప్రతి అంశం కిందా ‘తీర్మానము’ అని రాసి జాగా వదిలేస్తాం. మీటింగ్ అయ్యాక అక్కడ ‘చర్చించి ఆమోదించడమైనది’ అనో, ‘వాయిదా వేయడమైనది’ అనో, ‘తిరస్కరించడమైనది’ అనో పడుతుంది. సభ్యులకు ముందుగా పంపే ప్రతిలో అది ఖాళీగానే ఉంటుంది. మూడు రోజులుగా మీరు తిరుగుతున్నది ఇంకా పుట్టిందో లేదో తెలియని కాగితం కోసం. మీటింగ్ తేదీ పైన ఉంటుంది చూడండి.

సూటిగా (7:55)
అందుకే ఆర్టీఐ అన్నది.

తూర్పు వీధి (8:03)
ఎజెండాలో పెట్టారంటే అయిపోయినట్టే బాసూ. ‘అన్ని అంశాలూ ఏకగ్రీవంగా ఆమోదం’ అని పదిహేను నిమిషాల్లో లేచి వెళ్లిపోతారు. మినిట్స్ అన్నా తీర్మానం అన్నా ప్రొసీడింగ్స్ అన్నా అన్నీ ఒకటే.

పాత టైపిస్టు (8:11)
ఒకటి కాదు. మీటింగ్‌లో జరిగినదంతా రాసేది మినిట్స్. ఒక్కో అంశం మీద కౌన్సిల్ తేల్చిన మాట తీర్మానం. దాన్ని అమలు చేయమని కమిషనర్ సంతకంతో వచ్చేవి ప్రొసీడింగ్స్. టెండరు పిలవాలన్నా, బిల్లు చెల్లించాలన్నా ఆ చివరిది లేకుండా కదలదు. మీరు ‘ప్రొసీడింగ్స్ ఇవ్వండి’ అని దరఖాస్తు పెడితే ‘అట్టివి లేవు’ అని జవాబొస్తుంది. అబద్ధమూ కాదు, మీ పనీ అవదు.

తూర్పు వీధి (8:14)
మాటల గారడీ. సామాన్యుడికి ఇవన్నీ ఎందుకు?

పాత టైపిస్టు (8:16)
సామాన్యుణ్ణి తిప్పేది ఆ మాటలతోనే కాబట్టి.

చదువుల గది (8:29)
క్షమించాలి, నాదొక ప్రశ్న. ఆ భవనంలో గ్రంథాలయం గాని, పత్రికలు చదువుకునే గది గాని ఉందా?

కాలవగట్టు (8:33)
ఒక గదిలో ఉండేదండి. రెండు బీరువాలు, పొడుగాటి బల్ల. మా నాన్న రోజూ పొద్దున అక్కడే పేపర్ చదివేవారు. బల్ల మీద పేపర్ ఎగిరిపోకుండా చెక్క బద్ద వేసి ఉండేది. రెండో గదిలో అంగన్‌వాడీ, అది ఇప్పటికీ నడుస్తుంది.

చదువుల గది (8:51)
అలాగైతే ఈ చర్చలో అసలు విషయం ఎవరూ ముట్టుకోలేదు. 1960 గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. పన్నుపోటు గారు ఆస్తి పన్ను గురించి అంత రాశారు గాని, అందులో ఈ 8 పైసలు ఉన్నాయని ఆయనకు గుర్తున్నట్టు లేదు. అది స్థానిక సంస్థ సొమ్ము కాదు. వాళ్లు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి, అంతే. చాలా చోట్ల జమ కాక బకాయిలు పేరుకుపోయాయి. నేను రిటైరయ్యేదాకా ఆ బకాయిల ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్న జాతి మనది, అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించిన నేల ఇది, ఇక్కడ రెండు బీరువాల గదికి దిక్కు లేదు. మీరు అర్జీలో మొదటి వాక్యమే గ్రంథాలయ పన్ను గురించి రాయండి.

పన్నుపోటు (8:57)
8 పైసలు గుర్తు లేక కాదు మాస్టారూ. మూలధన విలువ లెక్క వచ్చాక ఆ 8 పైసల మొత్తం కూడా పెరిగింది కదా. అది ఎటు పోయింది?

చదువుల గది (9:00)
నేనూ అదే అడుగుతున్నాను.

నిర్వాహకుడు (9:06)
పన్ను మీద వేరే చర్చ పెట్టుకోండి. ఇక్కడ కాపీ గురించే.

సూటిగా (9:08)
పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి పౌర సమాచార అధికారికి ఇవ్వండి. ఎ4 పేజీకి రెండు రూపాయలు. 30 రోజులు. ఇవ్వకపోతే ఇంకో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు.

పాత టైపిస్టు (9:24)
సూటిగా గారు చెప్పింది నిజమే గాని, సోమవారం లోపు కావాలంటే దగ్గరి దారి ఉంది. సమాచార హక్కు చట్టంలో కాపీ తీసుకునే హక్కుతో పాటు రికార్డు చూసే హక్కు కూడా ఉంది. దరఖాస్తులో ‘ఫలానా తేదీ కౌన్సిల్ మినిట్స్ పుస్తకం పరిశీలించాలి’ అని రాయండి. మొదటి గంటకు రుసుము లేదు. దానికీ 30 రోజులు తీసుకోవచ్చు, కాదనను. కానీ కాపీ తీసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చే పని ఉండదు కాబట్టి చాలామంది ‘ఇదిగో చూసుకో’ అని అప్పుడే చూపించేస్తారు. ఆ చట్టంలోనే 4(1)(బి)లో ఎనిమిదో అంశం ఉంది. కౌన్సిళ్లు, కమిటీల మినిట్స్ ప్రజలకు అందుబాటులో ఉంటాయో లేదో ఆఫీసే ముందుగా ప్రకటించాలి. ఆ ప్రకటన పుస్తకం అడిగి చూడండి.

ఇంకో మాట, సోమవారం అర్జీకి తీర్మానం కాపీ అక్కర్లేదు. ‘ఫలానా అంశం ఎజెండాలో వచ్చింది, మా అభ్యంతరం ఇది’ అని రాస్తే చాలు. ఒకవేళ ఆమోదించేసినా, తీర్మానాన్ని నిలిపేసే, రద్దు చేసే అధికారం 1965 మున్సిపాలిటీల చట్టంలో ప్రభుత్వానికి ఉంది. ‘శిథిలావస్థ’ అని ఎవరు తేల్చారో, ఇంజినీరింగ్ విభాగం రిపోర్టు ఉందో లేదో అదీ అడగండి. నా అనుభవంలో ఆ మాట కొట్టేవేళ రిపోర్టు నా బల్ల మీదకు వచ్చింది తక్కువ. అంగన్‌వాడీ నడుస్తున్న గది శిథిలమైతే పిల్లల్ని ఎలా కూర్చోబెట్టారు?

తూర్పు వీధి (9:31)
షాపులు కడితే తప్పేముంది? నాలుగు డబ్బులొస్తే డ్రైనేజీ వేస్తారు. మా వార్డులో మురుగు ఇంటి ముందే పారుతుంది.

పన్నుపోటు (9:40)
ఆ డబ్బులు వస్తాయా అన్నదే ప్రశ్న. షాపు గదులు వేలం వేస్తారు, మూడేళ్లకోసారి అద్దె 33⅓ శాతం పెంచి పొడిగిస్తారు, 25 ఏళ్లు దాటితే మళ్లీ వేలం. కాగితం మీద బానే ఉంటుంది. మా దగ్గర వేలంలో పాడుకున్నవాడు ఒకడు, షాపులో కూర్చున్నవాడు ఇంకొకడు, మధ్యలో తేడా ఎవడి జేబులోకో.

చదువుల గది (9:46)
స్థలం లేఅవుట్‌లో ప్రజావసరాలకు వదిలిందైతే అసలు ముట్టుకోకూడదు. 1991లో బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు కేటాయిస్తే సుప్రీంకోర్టు చెల్లదంది. కాలవగట్టు గారూ, మీ స్థలం ఎలాంటిది? పాత టైపిస్టు గారు మొదటే అడిగారు, మీరు చెప్పలేదు.

కాలవగట్టు (9:58)
లేఅవుట్ కాదండి, పల్లెటూరు. స్థలం మా తాతగారి అన్నగారు రాసిచ్చిందే. చదువుకునే గది కోసమని.

పాత టైపిస్టు (9:59)
ఏమిటీ?

చదువుల గది (10:00)
దాన పత్రం ఉందా?!

కాలవగట్టు (10:04)
ఉండే ఉంటుంది. మా పెదనాన్న గారింట్లో ట్రంకు పెట్టెలో పాత దస్తావేజులు ఉన్నాయి. 1970 ప్రాంతంలో రాశారని విన్నా. మాకందరికీ తెలిసిన విషయమే కదా అని రాయలేదు.

సూటిగా (10:05)
దండం.

పాత టైపిస్టు (10:17)
బాబూ, తీర్మానం కోసం తిరగడం ఆపి ముందు ఆ పెట్టె తియ్యండి. అది రిజిస్టరు చేసిన దాన పత్రం అయి, అందులో ‘గ్రంథాలయం నిమిత్తం మాత్రమే’ లాంటి మాట ఉంటే మీ అర్జీ బరువే వేరు. షరతు ఎలా రాశారన్న దాని మీద ఆధారపడుతుంది కాబట్టి మాటకు మాట చదివించి లాయరుకు చూపించండి. పెట్టెలో లేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. ఆన్‌లైన్ ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితాలో) వెతికి మళ్లీ నాలుగు గంటలు పాడుచేసుకోకండి, అందులో 1983 నుంచే వస్తాయి. అంతకు ముందువి ఆఫీసులో చేత్తో రాసిన పుస్తకాల్లో వెతికించాలి. రాసిచ్చినవారి పేరు, ఊరు, సుమారు సంవత్సరం చెప్పాలి.

తూర్పు వీధి (10:20)
పంచాయతీకి రాసిచ్చారా, గ్రంథాలయానికి రాసిచ్చారా? అది తేలకుండా ఎగరడం దేనికి.

పాత టైపిస్టు (10:22)
ఇది మాత్రం మంచి ప్రశ్న.

చదువుల గది (10:28)
జిల్లా గ్రంథాలయ సంస్థ పేరున ఉంటే కథే మారిపోతుంది. అలాగైతే అది పంచాయతీ ఆస్తే కాదు, విలీనంలో మున్సిపాలిటీకి వచ్చే ప్రశ్నే లేదు. ఆ బీరువాల్లో స్టాకు రిజిస్టరు ఉందేమో చూడండి, మొదటి పేజీలో శాఖ నంబరు ఉంటుంది. గది తాళం ఎవరి దగ్గరుంది?

కాలవగట్టు (మరుసటి రోజు, ఉదయం 11:12)
ఆఫీసుకు వెళ్లొచ్చా. మినిట్స్ పుస్తకం అని అడిగితే గుమాస్తా ఒకాయన చూపించారు, దరఖాస్తు కూడా అడగలేదు. అంశం 17 వాయిదా అంట. వచ్చే నెల మళ్లీ పెడతారంట. పెదనాన్న ఊళ్లో లేరు, పెట్టె తాళం ఆయన దగ్గరే ఉంది. థాంక్స్ అందరికీ.

చదువుల గది (11:20)
పెట్టె తాళం సరే, గది తాళం?

పన్నుపోటు (11:34)
కొత్త అసెస్‌మెంట్ నంబరు తీసుకున్నారా? తీసుకోకపోతే 2 శాతం పడుతుంది.

తూర్పు వీధి (నాలుగు రోజుల తర్వాత)
ఏమైంది కాలవగట్టు గారూ, సోమవారం వెళ్లారా?