ఎం1 స్ట్రెప్టోకాకస్ పాతదే అయితే కొత్త రకం అని ఎందుకంటున్నారు?

ప్రశ్న (ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ విద్యార్థిని, విశాఖపట్నం):
నమస్కారం. గ్రూప్-ఎ స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా కలిగించే తీవ్ర వ్యాధులకు సంబంధించి ఎం1 రకం 1980లలోనే ఎన్నో దేశాలకు వ్యాపించిందని చదివాను. మరి 2022 చివర బ్రిటన్, ఫ్రాన్స్ వంటి దేశాల్లో కేసులు పెరిగినప్పుడు అదే ఎం1ను కొత్తగా ఎందుకు చర్చించారు? మన విశాఖలోనూ అదే తిరుగుతోందని అనుకోవచ్చా?

జవాబు (విశ్రాంత అధ్యాపకుడు, సీతమ్మధార):
అమ్మా, రకం పేరు బాక్టీరియా ఉపరితలంపై ఉండే ఎం ప్రోటీన్‌ను బట్టి వస్తుంది. పేరు మారకుండానే లోపలి జన్యువులు మారవచ్చు. 1980ల ఎం1 అలా తయారైనదే: బాక్టీరియాలోకి చొరబడే ఫేజ్ వైరస్‌లు స్పీ-ఎ అనే టాక్సిన్ (విషపదార్థం) జన్యువునూ, తెల్లరక్తకణాలు విసిరే డీఎన్ఏ వలలను ఛేదించే ఎంజైమ్ జన్యువునూ తెచ్చిపెట్టగా, ఆపైన సుమారు 36 వేల అక్షరాల డీఎన్ఏ ముక్క ఎం12 అనే మరో రకం నుంచి వచ్చి చేరి, కణాలను ఛేదించే స్ట్రెప్టోలైసిన్-ఓ అనే మరో టాక్సిన్ ఉత్పత్తిని పెంచింది. 2019లో ఇంగ్లండ్ పరిశోధకులు వెల్లడించిన, 2022లో చర్చకు వచ్చిన కొత్త శాఖ ఎం1యూకేకూ పాత ఎం1కూ మధ్య తేడా 27 డీఎన్ఏ అక్షరాలే. అయినా స్పీ-ఎ ఉత్పత్తి సుమారు 9 రెట్లు పెరిగింది. నాకు ఆశ్చర్యం కలిగించేది ఏమిటంటే, స్పీ-ఎ జన్యువుకు ముందున్న ఎస్ఎస్ఆర్ఎ అనే జన్యువు ఆరంభంలో ఒక్క అక్షరం మారడమే ఇందుకు ముఖ్య కారణంగా తేలింది.

జవాబు (ప్రయోగశాల వైద్యురాలు, మహారాణిపేట):
మాస్టారి వివరణతో ఏకీభవిస్తున్నాను. అయితే 2022 నాటి పెరుగుదలను ఒక్క స్ట్రెయిన్ (ఉపరకం) ఖాతాలోనే వేయకూడదు. కోవిడ్ ఆంక్షల కాలంలో పిల్లలకు ఈ బాక్టీరియా తగలడం తగ్గింది. ఆ శీతాకాలంలో శ్వాసకోశ వైరస్‌లూ విస్తృతంగా తిరిగాయి.

ఇక విశాఖ సంగతి. మన దేశంలో అనేక రకాలు కలగలిసి కనిపిస్తాయి కనుక ఇంగ్లండ్ చిత్రాన్ని యథాతథంగా ఇక్కడికి తేలేము. గొర్రె రక్తం కలిపిన ఆగార్ ప్లేటుపై చిన్న కాలనీ, దాని చుట్టూ రక్తకణాలు కరిగిన తేట వలయం కనిపిస్తాయి; పాత ఎం1 అయినా, ఎం1యూకే అయినా అంతే. ఎం ప్రోటీన్‌కు మూలమైన ఎమ్ జన్యువు సీక్వెన్సింగ్‌తో ఎం1 అని తెలుస్తుందే గానీ, ఏ ఎం1 అన్నది ఆ 27 స్థానాలు చూస్తే తప్ప తేలదు.

ప్రశ్నించిన విద్యార్థిని:
ధన్యవాదాలు మేడమ్. క్యాప్సూల్ (బాక్టీరియాను కప్పి కాపాడే పొర) కోల్పోయిన స్ట్రెయిన్ బలహీనపడినట్లేనా?

జవాబు (ప్రయోగశాల వైద్యురాలు):
అలా అనుకునేవారు. కానీ ఎం89 అనే రకంలో క్యాప్సూల్ జన్యువులు లేని శాఖే మిగతా శాఖలను పక్కకు నెట్టి తీవ్ర వ్యాధులు కలిగించింది. అందులోనూ స్ట్రెప్టోలైసిన్-ఓ ఉత్పత్తి ఎక్కువే. చికిత్సలో మాత్రం పెన్సిలిన్‌కే ప్రథమ స్థానం. టాక్సిన్ తయారీని అణచడానికి తీవ్ర కేసుల్లో క్లిండామైసిన్ అనే మరో యాంటీబయాటిక్ జోడిస్తాము.