కుంచెతో రాసిన లావు అక్షరాలు ఫాంటుగా మారిస్తే వత్తులు చెడుతున్నాయి

బోర్డు_పర్లాకిమిడి:
షాపు బోర్డుల కోసం అరంగుళం చదును బ్రష్షుతో తెలుగు అక్షరాలు రాసి, 600 డీపీఐలో స్కాన్ చేసి, ఇంక్‌స్కేప్ (బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్)లో ట్రేస్ చేసి ఫాంట్‌ఫోర్జ్ (ఫాంట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్)లోకి తెచ్చాను. విడిగా బాగున్నాయి. మాట కూర్చగానే వత్తులు బక్కచిక్కుతున్నాయి, ‘వు’ అచ్చం ‘మ’లా ఉంది, ‘రాష్ట్ర’లో అడుగు వత్తు తెగిపోతోంది. పక్కన ఒడియా కూడా ఇదే వాటంలో రావాలి. ఎక్కడ సరిచెయ్యాలండీ?

గంటం_బరంపురం:
వత్తుల్ని పెద్ద అక్షరం నుంచి కుదించారు కదూ? 60 శాతానికి కుదిస్తే గీత మందమూ 60 శాతమే అవుతుంది. అక్షరానికి 12 మి.మీ. బ్రష్షయితే వత్తులకి 9 మి.మీ. బ్రష్షుతో విడిగా రాయండి. తలకట్టు కాకుండా అక్షరం ఎత్తు బ్రష్షు వెడల్పుకి ఆరు రెట్లుండాలి. తగ్గితే ‘ఖ’, ‘ఝ’ల కడుపులు పూడిపోతాయి. ‘ద’కీ ‘ధ’కీ తేడా ఆ చిన్న గీతే. దాన్ని బ్రష్షు మూలతో పెట్టండి, లేకపోతే మచ్చలా ఉంటుంది.

‘వు’, ‘పు’లకి కొమ్ము అడుగు నుంచి బయల్దేరి కుడివైపు పైకి లేవాలి. అన్నిటికీ పెట్టే కొమ్మే తగిలిస్తే ‘వు’ ‘మ’ అయిపోతుంది. ఈ రెండూ విడిగా రాసుకోవాల్సిందే. ‘బరంపురం’ కొట్టి చూడండి, పని తేలిపోతుంది.

టెల్2:
అడుగు తెగడం కొలతల తప్పు. ఫాంట్‌ఫోర్జ్ ఫాంట్ ఇన్ఫోలో ఓఎస్/2 మెట్రిక్స్ (ఫాంటు ఎత్తు, లోతు కొలతలుండే చోటు) తెరవండి. ఎమ్ (అక్షరం గీసే చదరపు గడి కొలత) 1000 అయి, రెండో వత్తు 450 దాకా దిగుతుంటే, అడుగు లోతు చెప్పే విన్ డిసెంట్ 480, హెచ్‌హెడ్ డిసెంట్ మైనస్ 480 పెట్టండి. ఒకటి ప్లస్సు, ఇంకోటి మైనస్సు. ‘ఈజ్ ఆఫ్‌సెట్’ టిక్కు తీసెయ్యండి.

టెల్2 ట్యాగు (ఫాంటులో తెలుగు లిపిని సూచించే కొత్త గుర్తు) కింద వత్తు కావాలంటే, రూల్లో ముందు విరామం (పొల్లు గుర్తు), ఆ తర్వాత హల్లు రావాలి. పాత టెలు ట్యాగుకి క్రమం తిరగబడుతుంది. ఆ పాత క్రమం కాపీ కొడితే వత్తు పడదు, పొల్లు మిగులుతుంది.

‘కి’, ‘కె’ లాంటివి ముక్కలు అతికిస్తే అతుకు కనబడుతుంది. చెయ్యెత్తకుండా రాసినవే పెట్టండి. 35 హల్లులు, 12 రూపాలు అంటే 420. పనే మరి! సున్నా, విసర్గ మాత్రం అతికించుకోవచ్చు.

రేడియం_రాయగడ:
ఫ్లెక్స్‌కయితే ఎండు బ్రష్షు చారలు బాగుంటాయి. రేడియం కటింగ్‌కి వద్దు. ఒక్కో చార ఒక్కో ముక్కై, వేస్టు పీకేటప్పుడు దాంతోపాటే లేచొచ్చేస్తుంది. చారలతో ఒక ఫైలు, నున్నగా ఇంకో ఫైలు చెయ్యండి. నున్నటి దాంట్లో సింప్లిఫై చేసి పాయింట్లు తగ్గిస్తే ప్లాటరు వణక్కుండా కోస్తుంది.

ఒడియాలో చాలా అక్షరాలకి పైన ఒకటే గొడుగు, తేడా అంతా కింద. గొడుగుని నిండు మందంతో లాగితే కింద చోటుండదు. దాన్ని సన్నం చేసి, బరువు కిందకి దించండి. అప్పుడే తెలుగు పక్కన సరితూగుతుంది. ఫైలు వేరుగా పెట్టినా ఎమ్ ఒకటే ఉంచండి.

పేజ్‌మేకర్ (పాత డీటీపీ సాఫ్ట్‌వేర్)లో పరీక్షించకండి, దానికి యూనికోడ్ రాదు.

బోర్డు_పర్లాకిమిడి:
‘వు’ కుదిరిందండి. ‘పర్లాకిమిడి’లో ‘ల’ వత్తు మాత్రం పక్క ‘కి’కి తగులుతోంది.

టెల్2:
ఆ వత్తుకి వెడల్పు సున్నా పెట్టుంటారు. కుడికి పొడుచుకొచ్చినంత మేర వెడల్పివ్వండి.