పాత చెక్కలతో కూరగాయల మడులు కట్టొచ్చా?

కూరగాయలు పెంచడానికి ఈమధ్యే చిన్న స్థలం అద్దెకు తీసుకున్నాను. మొత్తం గడ్డే. కొత్త సామాను కొనకుండా, పడేసిన వాటితోనే మడులు కట్టాలని పట్టుదల (ఇంట్లోవాళ్లు పిసినారితనం అంటున్నారు). గడ్డి మీద అట్టపెట్టెలు విప్పి పరిచి, పైన 20 సెంటీమీటర్ల మందాన కంపోస్టు పోద్దామనుకుంటున్నా.

టెన్షనంతా చెక్కల గురించే. కొన్ని ప్యాలెట్ల (సరుకు పెట్టి మోసే చెక్క చట్రాలు) మీద హెచ్‌టీ అని ముద్ర ఉంది, అంటే వేడి చేసి పురుగు చంపినవి, వాటితో ఇబ్బంది లేదు. ఎంబీ అని ఉన్నవి మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినవి కాబట్టి పక్కన పడేశాను. మరి ఏ ముద్రా లేనివాటిని నమ్మొచ్చా? పాత రైలు స్లీపర్లు (పట్టాల కింద వేసే చెక్క దుంగలు) కూడా రెండున్నాయి. ఎండెక్కితే క్రియోసోట్ (చెక్క పుచ్చకుండా పట్టించే తారు నూనె) వాసన గుప్పుమంటోంది. లోపల ప్లాస్టిక్ షీట్ వేస్తే ఆకుకూరలకు పర్వాలేదా, అసలు వాడకపోవడమే మంచిదా? ఇలాంటివి వాడి చూసినవాళ్లు చెప్పగలరా?