కోటలో తులసి నిలవడం లేదు, పూజలో ఏం మార్చుకోవాలి?

గుమ్మంముందు:
కొత్త తులసి తెచ్చి నాటితే మూడు నెలలు దాటడం లేదండీ. ముందు కింది ఆకులు పండిపోయి రాలుతున్నాయి, తర్వాత కాండం మొదట్లో నల్లబడి మెత్తబడుతోంది. సిమెంటు కోట, ఎండ బాగా తగులుతుంది. రెండు పూటలా చెంబెడు నీళ్లు, శుక్రవారం పాలు, మొదట్లో పసుపు కుంకుమ. పూజ మానకుండా మొక్కను బతికించుకునే దారి చెప్పండి. ఎండిన మొక్కను ఏం చేయాలో కూడా.

వేరుమూలం:
మొదలు నల్లబడి మెత్తబడితే అది వేరుకుళ్లు. నీళ్లు ఎక్కువై పోయిన మొక్క అది. కోట అడుగున కన్నం ఉందా? చాలా సిమెంటు కోటలకు ఉండదు, ఉన్నా మట్టి పేరుకుని మూసుకుపోతుంది. చెంబెడు పోశాక కాసేపటికి కూడా కింద చుక్క కారకపోతే లోపల నీరు నిలుస్తున్నట్టే. కన్నం వేయించలేకపోతే పది అంగుళాల మట్టికుండీలో నాటి, కింద పళ్లెం పెట్టి కోటలో నిలపండి. పళ్లెంలో చేరిన నీళ్లు వేరే మొక్కకు పోయండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు. పచ్చి పేడ వేస్తే వేళ్లు మాడతాయి.

ఇక అర్చన. అమ్మవారికి ఇచ్చే నీళ్లు వేరు, మొక్క దాహానికి పోసే నీళ్లు వేరు. రెండు పూటలా ఉద్ధరిణెతో మూడుసార్లు సమర్పించండి, చాలు. చెంబెడు మాత్రం వేలు రెండు కణుపుల లోతుకు దించి చూసి, తడి తగలకపోతేనే. పాలు నివేదన చేసి తీర్థంగా పుచ్చుకోండి. మట్టిలో పోస్తే పులిసి చీమలూ బూజూ పడతాయి. కుంకుమ పసుపులో సున్నం కలిపి చేసేది, రోజూ చిటికెడు పడినా మట్టిలో పేరుకుంటుంది. బొట్టు కోట గోడకు పెట్టండి. దీపం గూట్లో ఉండాలి, కొమ్మ కింద పెడితే ఆ సెగకు లేత ఆకు అంచులు కమిలిపోతాయి.

మంజరి:
పైవారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను: వెన్నులు, అంటే తులసి పూలకంకులు. గింజ కట్టేదాకా వదిలేస్తే మొక్క బలమంతా అటే పోయి, కాండం కట్టెబారి, ఆకు చిన్నదైపోతుంది. వెన్ను పచ్చగా, పువ్వు విచ్చకముందే, కింది ఆకుల జంటకు పైన తుంచి స్వామికి సమర్పించండి. తుంచిన చోట రెండు చిగుళ్లు వస్తాయి. విత్తనానికి ఒక్క వెన్ను ఉంచితే చాలు. గోధుమరంగుకు తిరిగాక నలిపి, మట్టి మీద చల్లి, పైన సన్నటి పొర కప్పండి. లోతుగా పూడిస్తే మొలవదు. వారం నుంచి రెండు వారాల్లో మొలక కనిపిస్తుంది.

గోరు తగలకుండా వేలికొసలతో, తొడిమతో సహా కోయాలి. ఆది, మంగళ, శుక్రవారాలు, ద్వాదశి, సంక్రమణం, సూర్యాస్తమయం తర్వాత కోయరు. ముందురోజు కోసి ఉంచుకోండి, తులసి వాడినా పూజకు పనికొస్తుంది. ఆ నియమం వల్ల వారానికి మూడు రోజులు మొక్కకు విశ్రాంతి, నాకు అందులో చాలా అందం కనిపిస్తుంది. క్షీరాబ్ధి ద్వాదశికి ఉసిరి కొమ్మను కోట అంచున గుచ్చండి. కాండం పక్కనే గుచ్చితే వేళ్లు తెగుతాయి.

పచ్చాకు:
ఆకులు ముడుచుకుని, అడుగున నల్లటి చుక్కలు కనిపిస్తే అది పురుగు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం ఆకు అడుగున పిచికారీ చేయండి, వారానికోసారి, మూడు వారాలు. అన్నాళ్లూ ఆ ఆకు తీర్థంలో వేయొద్దు.

ఎండిన మొక్కను నమస్కరించి వేరుతో సహా తీయండి. కుళ్లిన వేళ్లూ పాత మట్టీ తులసి దగ్గరికి రానివ్వకుండా, కాలు తగలని చెట్టు మొదట్లో వేయండి. కోటను కడిగి రెండు రోజులు ఎండనిచ్చాకే కొత్తది నాటండి. అదే మట్టిలో నాటితే అదే తెగులు మళ్లీ పట్టుకుంటుంది. గట్టి కాండం మాత్రం బాగుంటే ఆరబెట్టి ఉంచుకోండి, పూసలు చేసేది దానితోనే.